పరీక్షకు దొరకని తప్పు

'జ్ఞానము' అను మాటకు మొదటనున్న అక్షరమును చూపలేక యంత్రము మూర్ఛపోయిన వృత్తాంతము నొకదానిని మొదట మనవి చేసెదను. ఇది కల్పన గాదు. 2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున జరిగినది. ఆపిల్ కంపెనీవారి ఐఫోనులలో అప్పుడు వాడుకలోనున్న ఐఓఎస్ 11.2.5 అను సాఫ్ట్‌వేరు ఒక తెలుగు అక్షరమును తెరపై గీయబోయి, గీయలేక, కూలిపోవుచుండెను. ఆ అక్షరమును ఎవరైన సందేశముగ పంపినచో, సందేశములను చూపు ప్రోగ్రాము మూతపడును. మరల తెరచినను మరల మూతపడును. ఆ సందేశము వచ్చినదను సూచన తెరమీదికి వచ్చినచో ఒక్కొకప్పుడు ఫోనే ఆగి, తిరిగి మొదలగును. వాట్సాప్ మొదలగు ఇతర ప్రోగ్రాములలోను ఇదే యవస్థ. కొంటెవారు దీనిని ఒకరికొకరు పంపుకొని వినోదించిరి. దేశదేశముల పత్రికలు ఐఫోనును కూల్చివేయు తెలుగు అక్షరమని పెద్ద శీర్షికలు పెట్టినవి.

ఆ శీర్షికలు నాకు నచ్చలేదు. అక్షరము ఎవరిని కూల్చలేదు. వేయేండ్లుగా తాళపత్రములందును, పిదప అచ్చుపుస్తకములందును నిక్షేపముగ నున్న అక్షరమది. దానిని చూపుదునని మాట యిచ్చి చూపలేకపోయినది యంత్రము. నింద మాత్రము అక్షరము మీద పడినది.

ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీవారు 11.2.6 అను సవరించిన కూర్పును విడుదల చేసిరి. వార్త పొక్కిన వారమునకే దోషము తీరినది. లోకమంతటితో దానిని మరచినది. కాని విచారింపదగిన భాగము అక్కడనే మొదలగుచున్నది. అంత ధనము, అంత నేర్పు, అంతమంది పరీక్షకులు గల కంపెనీలో ఈ దోషము పరీక్షకు ఏల దొరకలేదు? దొరకకపోవుటనుండి ఏమి నేర్చుకొనవలెను? ఈ ప్రసంగమున నేను విచారింపదలచినది ఈ రెండు ప్రశ్నలనే.

వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన బడిపంతులున కీ విచారమేల యని మీకు తోచవచ్చును. మా తంబళ్లపల్లెనుండియు, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండియు బెంగుళూరు పోయి సాఫ్ట్‌వేరును పరీక్షించుటయే జీవనోపాధిగ జేసికొన్న యువతీయువకులు అనేకులు కలరు. వారిలో కొందరు మా బడిలో సంధిసూత్రములు వల్లించినవారే. పండుగకు ఇంటికి వచ్చినపుడు నన్ను చూడవత్తురు. వారిలో ఒక అమ్మాయి ఒకమారు ఇట్లనినది: "అయ్యవారూ, మేము పట్టుకొన్న వేయి తప్పులను ఎవరును తలపరు. పట్టుకొనలేకపోయిన ఒక్క తప్పును గూర్చియే అందరును అడుగుదురు." ఆ మాట నన్ను వదలలేదు. దానికి సమాధానము వెదకుచు నేను చదివినదియు, ఆ పిల్లలవలన విని తెలిసికొన్నదియు మీతో చెప్పుచున్నాను.

మొదట ఆ అక్షరము సంగతి. మనకు 'జ్ఞా' యనునది ఒక్క అక్షరము. కంప్యూటరున కట్లు కాదు. యూనికోడ్ అను ప్రపంచలిపుల సంకేతపద్ధతి 1991లో వెలువడినప్పటినుండి తెలుగునకు అందు చోటు కలదు. ఆ పద్ధతిలో జకారము ఒక గుర్తు. దాని అచ్చును తొలగించు పొల్లు ఒక గుర్తు. ఞకారము ఒకటి. దీర్ఘము మరియొకటి. ఈ నాలుగును వరుసగ నిలిచియుండగా, ఞకారమును వత్తుగా క్రిందికి దించి, దీర్ఘమును పైన అతికించి, ఒక్క బొమ్మగా గీయవలసిన భారము సాఫ్ట్‌వేరుది. వీనికి తోడు కంటికి కనబడని గుర్తొకటి కలదు. దానిని జీరో విడ్త్ నాన్ జాయినర్ అందురు. దాని వెడల్పు సున్న. దాని పని విడదీయుట. 'రాజ్‌కుమార్' అను పేరును వ్రాయునపుడు జకారపు పొల్లును పొల్లుగానే నిలిపి, కకారమును వేరుగా చూపునది ఆ గుర్తే. అది లేనిచో కకారము జకారము క్రిందికి వత్తుగా పోయి, ఆ పేరుగలవాడే తన పేరును గుర్తింపలేని రూపము వచ్చును. నేను పలుమారులు పలుకుచున్న 'సాఫ్ట్‌వేరు' అను మాటలోను ఆ గుర్తు టకారపు పొల్లునకు తరువాత దాగియున్నది. అన్యదేశ్యములు ఇంతగా చేరిన నేటి తెలుగులో అది అరుదైన గుర్తు గాదు. దినమునకు లక్షలమార్లు పడుచుండునది.

ఫోనును కూల్చిన వరుస సామాన్యమైన 'జ్ఞా' కాదు. జకారము, పొల్లు, ఞకారము, పిదప ఈ కనబడని గుర్తు, దాని పిదప దీర్ఘము. ఆ స్థానమున ఆ గుర్తునకు పనియే లేదు. పనిలేనివాడు పెండ్లిపందిరిలో నిలిచినట్లు ఊరకే నిలిచియుండును. దానిని లెక్కింపక దాటిపోవలసిన సాఫ్ట్‌వేరు తడబడినది. శోధించినవారు దేవనాగరి, బెంగాలీ లిపులందును ఇట్టి వరుసలే ఫోనును కూల్చుచున్నవని కనిపెట్టిరి. అనగా దోషము తెలుగు అక్షరమునకు చెందినది గాదు. ఒక వర్గమునకు చెందినది. కంపెనీవారి ప్రకటనలో, మెమరీ చెడిపోవుచుండెననియు, లోనికి వచ్చు వ్రాతను మునుపటికంటె బాగుగ సరిచూచుటచే దానిని సవరించితిమనియు క్లుప్తముగ నున్నది. మెమరీ యనగా జ్ఞాపకము. ఆ మాటలోను 'జ్ఞా'యే యున్నది!

ఇచ్చట ఒక సాకు చెప్పుదురు. అట్టి వరుసను బుద్ధిమంతుడెవడును వ్రాయడు, కావున పరీక్షింపలేదు, అని. ఈ సాకును నేను ఒప్పుకొనను. దినదినము వాడు సంయుక్తాక్షరము ఒకటి. దినదినము వాడు విడదీయు గుర్తు ఒకటి. ఈ రెండును ఏదో యొకనాడు ఒకదాని ప్రక్క నొకటి పడకమానవు. వ్రేలు జారి పడును. ఒకచోటినుండి నకలు తీసి మరియొకచోట అతికించుటలో పడును. బడిలో పిల్లవానికి వానికి తెలిసిన మాటలనే చెప్పి వ్రాయించినచో నూటికి నూరు వచ్చును. ఆ నూరు వాని జ్ఞానమునకు కొలత గాదు, ఉపాధ్యాయుని ఎన్నికకు కొలత. సాఫ్ట్‌వేరు పరీక్షలలో కొట్టవచ్చినట్లు కనబడు లోపమిదియే. పరీక్ష వ్రాయువాడును, ప్రోగ్రాము వ్రాయువాడును ఒకే రీతిగ తలచుచుందురు. ప్రోగ్రాము వ్రాసినవానికి తోచనిది పరీక్షకునకును తోచదు.

ఇంతకంటె కఠినమైన జాతి దోషము వేరొకటి కలదు. దానిని రిగ్రెషన్ అందురు. అనగా వెనుకకు నడచుట. నిన్నటివరకు సరిగ నడచుచుండిన పని, నేడు వేరొక మేలు చేయబోయి చేసిన మార్పుచే చెడుట. మా సీమ రైతులకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. చెరువుకట్ట ఒకచోట కారుచున్నదని మట్టి పోసి బలపరతురు. ఆ మట్టికొరకు త్రవ్విన గుంట తూమునకు సమీపమున పడును. ఆ యేడు వాన లేదు. మరుసటి యేడును లేదు. ఎండిన చెరువులో ఏ తూమైనను బాగుగనే యుండును. 2021 నవంబరులో చిత్తూరు, కడప జిల్లాలలో కురిసినట్టి పెనువాన కురిసి, నీరు మరువకు ఎక్కిననాడు కట్ట పరీక్షకు నిలుచును. అప్పటికి ఆ గుంటను త్రవ్వినవాడెవడో, ఎందులకు త్రవ్వెనో ఊరిలో జ్ఞాపకముంచుకొన్నవాడుండడు. ఆలస్యముగా బయటపడు దోషమునందలి కష్టమంతయు ఇదియే. తప్పునకును ఫలమునకును నడుమ కాలము గడచి, వానిని కలుపు దారము తెగిపోవును.

వ్రాతపనిలో తలపండినవారికి అర్థమగు ఉదాహరణము నొకదానిని చెప్పెదను. తాళపత్రములను నకలు తీయు లేఖకుడు ఒక పంక్తిని రెండుమారులు వ్రాయుట కలదు. కన్ను ప్రతిమీదికి పోయి మరల అదే చోట వ్రాలును. చదువువాడు నవ్వుకొని రెండవదానిని విడిచి చదువుకొనును. ఆపిల్ కంపెనీవారి సాఫ్ట్‌వేరులో 2012 సెప్టెంబరునందు వెలువడిన ఐఓఎస్ 6 కూర్పున సరిగ ఇట్టిదే జరిగినది. ఇంటర్నెట్టులో మనతో మాటలాడుచున్నది నిజముగ మన బ్యాంకేనా, వేషధారియా యని సంతకమును సరిచూచు భాగమది. 'తప్పినచో కడకు పొమ్ము' అను ఆజ్ఞలో 'కడకు పొమ్ము' అను పంక్తి రెండుమారులు పడినది. మొదటిది 'తప్పినచో' అను షరతునకు లోబడినది. రెండవది ఏ షరతునకును లోబడక ఒంటరిగ నిలిచినది. యంత్రము మనవలె నవ్వి విడువదు గదా! ప్రతిమారును అచ్చటినుండి కడకు పోయెను. పోవునప్పటికి తప్పేమియు నమోదు కాలేదు కావున, అంతయు సరియని చెప్పెను. మిగిలిన సరిచూపు జరుగనే లేదు. ఇది 2014 ఫిబ్రవరి 21వ తేదీవరకు, ఇంచుమించు పదునేడు మాసములు నడచినది. ఐఓఎస్ 7.0.6తో సవరించిరి.

ఆ పదునేడు మాసములును పరీక్షలు జరుగలేదా? సరియైన సంతకములన్నియు సరియనియే తేలుచుండెను. అందుచేత పరీక్షలు నెగ్గుచుండెను. ఇంటికి కావలివానిని పెట్టి, వానిని పరీక్షించుటకు బంధువులను మాత్రమే పంపితిమనుకొనుడు. అందరిని లోనికి విడుచును. మనము సంతోషింతుము. ఒక అపరిచితుని పంపి, వానిని ఆపెనా లేదా యని చూచువరకు, కావలివాడు కండ్లు మూసికొని తలుపు తీయుచున్నాడని తెలియదు. దొంగ సంతకము నొకదానిని చేతులార తయారుచేసి పంపియుండినచో ఆ దోషము మొదటిదినముననే పట్టుపడియుండును.

ఒక్కొక్కటిగ పరీక్షించిన కనబడక, అన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టిననే కనబడు దోషములును కలవు. డెబియన్ అను ఉచిత లినక్స్ కూర్పులో రహస్యపు తాళములు సృష్టించు భాగమున కొన్ని పంక్తులను, అవి అనుమానాస్పదములని ఒక శోధనాపరికరము చెప్పుచున్నందున, తొలగించిరి. అదియును మంచి యుద్దేశముతోనే. ఆ పంక్తులే తాళములకు వైవిధ్యమునిచ్చు పంక్తులు. 2006 సెప్టెంబరు మొదలు 2008 మే 13వ తేదీన ప్రకటన వెలువడువరకు, అట్టి యంత్రములలో ఒక రకపు యంత్రముపై ఒక కొలత తాళములు మొత్తము 32,768కి మించి పుట్టుటకు వీలులేకపోయెను. ప్రతి తాళమును చక్కగ పనిచేయుచుండెను. దేనిని తీసి పరీక్షించినను నెగ్గుచుండెను. లోపము తాళములో లేదు. తాళముల సమూహములో నున్నది. దానిని కనిపెట్టినవాడు లూసియానో బెల్లో యను డెబియన్ కార్యకర్త.

పూర్వము మన జిల్లాను గూర్చి ఒక మాట. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు మదనపల్లె ప్రాంతము కడప జిల్లాలోనిది. ఆ కడపలోనే చార్లెసు ఫిలిప్పు బ్రౌను పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యమునకు పలు ప్రతులను తెప్పించి, వానిని ఒకదానితో నొకటి పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక్క ప్రతిని ఎంత శ్రద్ధగ చదివినను, అర్థము చెడకుండ మారిన పాఠము దోషముగ తోపదు. రెండవ ప్రతి ప్రక్కనున్ననే తోచును. నేటి పరీక్షకులును నిన్నటి కూర్పు ఇచ్చిన ఫలములను దాచియుంచి, నేటి కూర్పు ఇచ్చు ఫలములతో పోల్చుదురు. భేదమున్నచోట ఆగి, ఈ భేదము మనము కోరినదా, కోరనిదా యని అడుగుదురు. రిగ్రెషన్ పరీక్ష యనగా ముఖ్యముగ నిదియే.

వేదమును కాపాడిన పద్ధతి దీనికంటెను చిత్రమైనది. సంహితను వరుసగ వల్లించుటతో సరిపెట్టక, పదములను విడదీసి పదపాఠము చెప్పుదురు. రెండేసి పదములను గొలుసుగా కూర్చి క్రమము చెప్పుదురు. అటుపిమ్మట జట, ఘన మొదలగు వికృతులు. ఘనమున నడక ఇట్లుండును: ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. పిదప రెండవ పదమునుండి మరల ఇట్లే. లెక్కించి చూచినచో నడుమనున్న ప్రతి పదమును పదుమూడు మారులు వచ్చును. ఇందలి మర్మము ఆవృత్తి గాదు. పదము తిరుగబడినపుడు దాని ఇరుగుపొరుగు మారును. ఇరుగుపొరుగు మారినపుడు సంధి మారును. ముందునడకలో సంధిచాటున దాగిన తప్పు, వెనుకనడకలో దాగలేదు. పదాంతము సరిగ తెలియనివాడు అక్కడ దొరకిపోవును. కంప్యూటరు పరీక్షలన్నియు మనవారు ముందే యెరుగుదురని చెప్పువాడను గాను. అట్టి మాటలు వినుట నాకు విసుగు. ఘనాపాఠి ఒక్క పాఠమును మార్పులేకుండ నిలుపజూచును. సాఫ్ట్‌వేరు దినదినము మారవలసినదే. కాని ఒక వస్తువును దానికి అలవాటులేని పొరుగువద్ద నిలిపి చూడవలెనను బుద్ధి రెంటికిని సమానము. జ్ఞకారము ప్రక్కన ఆ కనబడని గుర్తును నిలిపి చూచినవాడున్నచో 2018నాటి గందరగోళము లేకపోవును.

ఇటీవలి కథ మరియొకటి. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ సాఫ్ట్‌వేరు కంపెనీవారు పంపిన యొక చిన్న సవరణచే లోకమున ఇంచుమించు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలినవని మైక్రోసాఫ్ట్‌వారు లెక్కించిరి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికునకు చేతితో వ్రాసి యిచ్చిన బోర్డింగు పాసు ఫొటోను మీలో కొందరు చూచియుందురు. ఆ దోషము ఆనాడు పుట్టినది గాదు. ఫిబ్రవరినుండియు లోపల నున్నది. పట్టిక 21 గదులుండునని వర్ణించుచుండ, దానిని చదువు ప్రోగ్రామునకు అందుచుండినవి 20 మాత్రమే. పరీక్షలలో ఆ 21వ గదియందు ఎప్పుడును 'ఏదైనను సరి' అను గుర్తునే యుంచిరి; కావున ఆ గదిలోనికి తొంగిచూడవలసిన పనియే యంత్రమునకు కలుగలేదు. మార్చి, ఏప్రిలు మాసములలో పంపిన సవరణలలోను అట్లే. జూలైలో మొదటిసారిగ ఆ గదియందు నిజముగ చూడవలసిన విలువ నుంచిరి. యంత్రము లేని గదిలోనికి చేయిపెట్టి కూలెను.

ఆ కంపెనీవారు మరుసటి మాసముననే తప్పు పుట్టుకను వివరముగ ప్రకటించిరి. అందు నాకు నచ్చినది ఇది. తప్పు ఎక్కడనున్నదని మాత్రము చెప్పి ఊరకుండలేదు. ఏ పరీక్ష దానిని పట్టవలసియుండెనో, అది ఏల పట్టలేదో, గదుల సంఖ్యను ఇకమీద ఎచ్చట సరిచూతురో చెప్పిరి. సవరణలను ఒక్కమారుగ లోకమంతటికి పంపక, మొదట కొందరికి, అది నిలిచిన పిదప మరికొందరికి పంపెదమనిరి. మడికి నీరు పెట్టువాడు మొదట ఒక పాయను తెరచి చూచునట్లన్నమాట.

కావున ఆ అమ్మాయికి నేను చెప్పదలచిన సమాధానమునకు వచ్చితిని. ఆలస్యముగా ఒక దోషము బయటపడినపుడు పనివారు రెండు తొందరలకు లోనగుదురు. మొదటిది, వెంటనే సవరించి కన్నుల యెదుటినుండి దానిని తొలగించు తొందర. రెండవది, ఎవడు చేసెనో పట్టుకొను తొందర. మొదటి తొందర అవసరమే; ఫోనులు కూలుచుండగా తర్కించుచు కూర్చుండరాదు. కాని సవరణకు ముందు, ఆ దోషమును చూపు పరీక్ష నొకదానిని వ్రాసి, అది తప్పినదని కన్నులార చూడవలెను. సవరించిన పిదప అదే పరీక్ష నెగ్గవలెను. తప్పుట చూడకుండ వ్రాసిన పరీక్ష దేనిని పరీక్షించుచున్నదో ఎవరికిని తెలియదు. సవరింపకున్నను నెగ్గునది కావచ్చును. పిదప ఆ పరీక్షను పారవేయక శాశ్వతముగ నుంచవలెను. ఏలయన ఒకమారు చెడిన చోటు మరల చెడుట సామాన్యము. గండిపడిన కట్టను ప్రతి వానకును ముందుగ చూచునట్లే.

దోషము ఏనాటి మార్పుతో వచ్చినదో వెదకుటకు ఒక చక్కని యుపాయము కలదు. వేయి మార్పుల వెనుక దోషము లేదు, నేడు ఉన్నది. సరిగ నడుమనున్న కూర్పును తీసి పరీక్షింతురు. అక్కడ దోషమున్నచో అది ముందుసగములో వచ్చినది, లేనిచో వెనుకసగములో. మరల ఆ సగమును సగము చేయుదురు. ఇట్లు పదిమారులలో వేయి మార్పులనుండి ఒక్కదానిని పట్టవచ్చును. నిఘంటువులో మాటను వెదకువాడు నడుమకు తెరచునట్టి ఉపాయమే యిది. ఆలస్యమెంతయైనను వెదకుట అసాధ్యము గాదు. అయితే పాత కూర్పులను, ప్రతి మార్పునకును కారణమును వ్రాసి దాచియున్నప్పుడే.

ఇక రెండవ తొందర. తప్పు చేసినవానిని వెదకి దండించినచో, తరువాతి తప్పును చేసినవాడు దానిని దాచును. పరీక్షకుడు తాను చూడని సంగతిని చూచితినని వ్రాయును. ముప్పదియేండ్లకు పైగా బడిలో నేను కన్న సత్యమిది. తప్పునకు దెబ్బలు తిను పిల్లవాడు తప్పులు మానుటకంటె పలకను తుడుచుటయే త్వరగా నేర్చుకొనును. ఆ పంక్తి రెండుమారులు ఎవరి చేతిలో పడినదను ప్రశ్నవలన వచ్చు లాభము స్వల్పము. రెండుమారులు పడినను చూచినవారు లేక, ఆపు పరీక్ష లేక, అది ప్రజలవరకు ఎట్లు పోయినదను ప్రశ్నవలన వచ్చు లాభము విశేషము.

పరీక్షలను కుప్పలుగ పెంచుటయును మంచిది గాదని ఆ పిల్లలే నాకు చెప్పిరి. పదివేల పరీక్షలుండి, వానిలో కొన్ని కారణములేక ఒకనాడు నెగ్గి ఒకనాడు తప్పుచున్నచో, తప్పినవానిని చూచుట మానివేయుదురట. మాటిమాటికి ఊరకే మొరుగు కుక్కను ఎవరు పట్టించుకొందురు? నిజముగ దొంగ వచ్చిననాడును నిద్రపోవుదురు. అట్టి పరీక్షలను బాగుచేయవలెను, లేదా తీసివేయవలెను. ఈ విషయమున నాకు స్వానుభవము లేదు కావున ఇంతటితో విడుచుచున్నాను.

కాని తెలుగు విషయమున నాకు అధికారము కలదు. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, ఓటరుల జాబితా, వీని యందలి మన పేర్లు నేడు కంప్యూటరుల ద్వారానే అచ్చగుచున్నవి. ఫోను కూలినచో లోకమంతయు నవ్వును, వారములో సవరింతురు. ప్రజ్ఞావతి పేరు కాగితముమీద ముక్కలై పడినచో ఆమె కార్యాలయము చుట్టు తిరుగుచుండును. ఏ పత్రికయు వ్రాయదు. కావున తెలుగు చూపు ప్రతి సాఫ్ట్‌వేరునకును ముందుగ నడిపి చూడదగిన మాటల పట్టిక యొకటి మనవారే తయారుచేయవలెను. సంయుక్తాక్షరములకు 'కార్త్స్న్యము' ఒక్కటి చాలును; అందు అయిదు హల్లులు ఒకదానిపై నొకటి నిలిచినవి. 'లక్ష్మి', 'స్త్రీ', 'జ్యోత్స్న', 'ఆజ్ఞ', 'విజ్ఞప్తి' చేర్పవలెను. 'ఱ' గల పాత మాటలు, అరసున్న గల మాటలు వలయును. దంత్యములైన 'ౘ', 'ౙ' అక్షరములు యూనికోడులోనికి 2008లోనే వచ్చినవి. నకారపు పొల్లునకు ప్రత్యేకమైన గుర్తు 2021లో వచ్చినది. పాత ఫోనులలో ఇవి యెట్లు కనబడునో చూడవలెను. 'రాజ్‌కుమార్' వంటి పేర్లను విడదీయు గుర్తుతోను, అది లేకయు వ్రాసి చూడవలెను. ఆ గుర్తును ఉండదగని ప్రతి చోటను ఉంచి చూడవలెను: వత్తునకు తరువాత, దీర్ఘమునకు ముందు, సున్నకు ముందు, మాట మొదట, మాట తుదిని, వరుసగ రెండుమారులు. మదనపల్లె కళాశాలల విద్యార్థులు నలుగురు కూర్చున్నచో ఈ పట్టిక రెండు సెలవుదినముల పని. తప్పొప్పులు దిద్దుటకు నేను సిద్ధముగ నున్నాను.